ఒంట్లో రోజుకు 3 లీటర్లు మోసే ‘రెండో కాలువ’.. అది దెబ్బతింటేనే బోదకాలు! లింఫ్ వ్యవస్థ ఎలా పనిచేస్తుందంటే..

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బోదకాలు అంటే ఏంటో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. దోమ వల్ల వస్తుందన్న సంగతి కూడా చాలామందికి తెలుసు. కానీ దోమ కుట్టిన చోట కాకుండా కాలంతా ఎందుకు వాస్తుంది? మందు వేసుకున్నా ముదిరిన వాపు ఎందుకు పోదు? ఏ జబ్బూ లేనివాళ్లను కూడా మాత్రలు మింగమని ఆరోగ్య సిబ్బంది ఎందుకు అడుగుతారు? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉంది. అదే లింఫ్ వ్యవస్థ. మన పాఠ్యపుస్తకాల్లో దీన్నే శోషరస వ్యవస్థ అంటారు.

గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీల గురించి రోజూ వింటాం. లింఫ్ గురించి మాత్రం చెడిపోయేదాకా ఎవరూ మాట్లాడరు. అసలు అది ఒంట్లో ఎక్కడుంటుంది, ఏం చేస్తుంది, దాన్ని ఎలా కాపాడుకోవాలి? ఇప్పుడు చూద్దాం.

ముఖ్యాంశాలు

• రక్తనాళాల నుంచి బయటకు ఊరిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చేది లింఫ్ వ్యవస్థే.
• దీనికి గుండె లాంటి పంపు లేదు. నడక, ఊపిరి, నాళాల కదలికతోనే పని జరుగుతుంది.
• బోదకాలు పురుగులు కాపురం పెట్టేది ఈ నాళాల్లోనే. ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు.
• దెబ్బతిన్న నాళం మళ్లీ మామూలుగా అవ్వడం కష్టం. అందుకే ముందుగా వేసుకునే మాత్ర, వాపు వచ్చాక రోజూ చేసే శుభ్రత.. రెండూ కీలకం.

లింఫ్ అంటే ఏంటి?

వరి పొలం ఉన్నవాళ్లకు ఈ విషయం సులువుగా అర్థమవుతుంది. పొలానికి నీళ్లు తెచ్చే కాలువ ఒకటి ఉంటే సరిపోదు. ఎక్కువైన నీరు బయటకు పోయే దారి కూడా ఉండాలి. లేకపోతే పొలం ముంపులో ఉండిపోతుంది. మన ఒంట్లోనూ అంతే.

గుండె నుంచి బయల్దేరిన రక్తం చివరికి వెంట్రుక కంటే సన్నని నాళాల్లోకి చేరుతుంది. వాటి గోడల్లోంచి నీరు, పోషకాలు, కొంత ప్రోటీను బయటకు ఊరి, కణాల చుట్టూ చేరతాయి. ఇలా పెద్దవాళ్ల ఒంట్లో రోజుకు సుమారు 20 లీటర్లు ఊరుతుందని, అందులో 17 లీటర్ల దాకా రక్తనాళాలే తిరిగి పీల్చుకుంటాయని వైద్య పుస్తకాలు చెప్తాయి. మరి మిగిలిన 3 లీటర్ల సంగతేంటి?

దాన్ని మోసుకెళ్లేదే లింఫ్ వ్యవస్థ. కణాల మధ్య మిగిలిన నీరు ఈ నాళాల్లోకి దిగాక దాన్ని లింఫ్ అంటారు. మన ఒంట్లో ఉండే మొత్తం రక్తమే సుమారు 5 లీటర్లు. అలాంటిది రోజుకు 3 లీటర్లు వెనక్కి రాకపోతే ఏమవుతుందో ఊహించుకోండి. నీరంతా చర్మం కింద నిలిచి వాపు వస్తుంది. అటు రక్తంలో నీరు తగ్గిపోతుంది.

ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుంది?

రక్తం గుండెలో మొదలై గుండెకే వస్తుంది. అదొక చక్రం. లింఫ్‌ది మాత్రం వన్‌వే రూట్. చర్మం కింద, అవయవాల మధ్య ఒక చివర మూసి ఉన్న సన్నని నాళాలుగా ఇది మొదలవుతుంది. వాటి గోడల్లోని కణాలు ఒకదాని మీద ఒకటి పెంకుల్లా సర్దుకుని ఉంటాయి. బయట నీరు పెరిగితే తెరుచుకుంటాయి, లోపలికి వచ్చిన నీరు వెనక్కి పోకుండా మూసుకుంటాయి.

ఈ పిల్ల కాలువలన్నీ కలిసి పెద్దవవుతాయి. రెండు కాళ్ల నుంచి, పొట్ట నుంచి వచ్చే లింఫ్ అంతా ‘థొరాసిక్ డక్ట్’ అనే పెద్ద నాళంలోకి చేరుతుంది. వెన్నెముక ముందు నుంచి పైకి వెళ్లే ఈ నాళం పొడవు సుమారు 40 సెంటీమీటర్లు. ఎడమ చెయ్యి, తల, ఛాతీ ఎడమ భాగాల లింఫ్ కూడా దీనిలోనే కలుస్తుంది. చివరికి మెడ దిగువన, ఎడమ వైపు ఉన్న పెద్ద సిరలో పడుతుంది. కుడి చెయ్యి, తల, ఛాతీ కుడి భాగాలకు వేరే చిన్న నాళం ఉంటుంది. అది కుడివైపు సిరలో కలుస్తుంది. అంటే పాదం దగ్గర ఊరిన నీరు మెడ దాకా ఎక్కాలి!

పంపు లేకుండా నీరు పైకి ఎలా ఎక్కుతుంది?

మూడు పనులు కలిసి దీన్ని నడిపిస్తాయి. ఒకటి, పెద్ద లింఫ్ నాళాలు వాటంతట అవే సంకోచిస్తూ నీటిని ముందుకు నెడతాయి. రెండు, మనం నడిచినప్పుడు పిక్కల కండరాలు బిగుసుకుని నాళాలను పిండుతాయి. మూడు, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో ఒత్తిడి మారి లింఫ్ పైకి లాగినట్టు అవుతుంది. నాళాల లోపల అడుగడుగునా కవాటాలు ఉంటాయి. కాలువ షట్టర్లలాగే ఇవి పైకి వెళ్లిన నీటిని కిందకు జారనివ్వవు.

హైదరాబాద్ నుంచి పలాసకో, ఇచ్ఛాపురానికో రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాక చెప్పులు బిగుతుగా అనిపించడం గమనించారా? కదలకుండా కూర్చుంటే సిరలు, లింఫ్ నాళాలు రెండూ నీటిని సరిగా పైకి పంపలేవు. కాసేపు నడిస్తే ఆ వాపు దిగిపోతుంది. ఈ కవాటాల మాట గుర్తుపెట్టుకోండి. బోదకాలు దెబ్బతీసేది ప్రధానంగా వీటినే.

గజ్జల్లో బిళ్ల ఎందుకు కడుతుంది?

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టిందనుకోండి. రెండు రోజుల్లో గజ్జల్లో బిళ్ల కట్టి నొప్పి పుడుతుంది. చేతి వేలికి దెబ్బ తగిలి ముదిరితే చంకలో, గొంతు నొప్పి వస్తే దవడ కింద. ఈ బిళ్లలే లింఫ్ నోడ్స్. మామూలప్పుడు చిక్కుడు గింజ ఆకారంలో చిన్నగా ఉంటాయి. ఒంట్లో వీటి సంఖ్య సుమారు 500 నుంచి 600. మెడ, చంకలు, గజ్జలు, పొట్ట లోపల గుంపులుగా ఉంటాయి.

ఇచ్ఛాపురం దగ్గర రాష్ట్ర సరిహద్దులో లారీలను ఆపి చూసినట్టు, రక్తంలోకి చేరే ముందు లింఫ్‌ను ఈ నోడ్స్ తనిఖీ చేస్తాయి. బ్యాక్టీరియా, వైరస్, క్యాన్సర్ కణం.. ఏది వచ్చినా ఇక్కడున్న తెల్ల రక్తకణాలు పట్టుకుంటాయి. బీ కణాలు యాంటీబాడీలు తయారు చేయడం మొదలుపెడతాయి. టీ కణాలు రోగకారక క్రిములు దూరిన కణాలను చంపుతాయి. ఈ యుద్ధం వల్లే బిళ్ల ఉబ్బుతుంది. కాబట్టి దెబ్బ తగిలాక బిళ్ల కట్టడం జబ్బు కాదు, మన రక్షణ దళం పనిలో ఉందని గుర్తు.

అయితే అన్ని బిళ్లలూ ఒకటి కాదు. రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, నొప్పి లేకుండా గట్టిగా పెరుగుతున్నా, వేలితో కదిపితే కదలకపోయినా, గూడ ఎముక పైన వచ్చినా డాక్టరుకు చూపించాలి. బిళ్లతో పాటు సాయంత్రం జ్వరం, రాత్రిళ్లు చెమటలు, బరువు తగ్గడం ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు. మెడలో వచ్చే బిళ్లలు ఒక్కోసారి టీబీ వల్ల కావచ్చు. పూర్వం దీన్నే గండమాల అనేవారు. లింఫోమా అనే క్యాన్సర్ కూడా ఇలాగే మొదలవుతుంది.

ఈ టీమ్‌లో ఇంకెవరున్నారు?

ఎముక మజ్జ: రక్షణ కణాలన్నీ పుట్టేది ఇక్కడే.

థైమస్: గుండెకు పైన, ఛాతీ ఎముక వెనక ఉంటుంది. టీ కణాలకు ట్రైనింగ్ సెంటర్. చిన్నతనంలో చురుగ్గా ఉండి, యుక్తవయసు తర్వాత మెల్లగా కుంచించుకుపోతుంది.

ప్లీహం: ఎడమ పక్కటెముకల కింద ఉంటుంది. బరువు సుమారు 150 గ్రాములు. నోడ్స్ లింఫ్‌ను వడగడితే, ఇది రక్తాన్ని వడగడుతుంది. ముసలివైపోయిన ఎర్ర రక్తకణాలను తీసేస్తుంది. మలేరియాలో ఉబ్బేది ఇదే.

టాన్సిల్స్: నోరు, ముక్కు దారిలో వచ్చే క్రిములకు మొదటి గేటు.

పేగుల్లోని లింఫ్ నాళాలు: వీటి పని వేరు. మనం తిన్న కొవ్వులో ఎక్కువ భాగం నేరుగా రక్తంలోకి పోదు. ముందు ఈ నాళాల్లోకి చేరుతుంది. అందుకే భోజనం తర్వాత ఇక్కడి లింఫ్ పాలలా తెల్లగా ఉంటుంది. 1622లో ఇటలీ వైద్యుడు గాస్పరే అసెల్లి, అప్పుడే తిండి తిన్న కుక్క పేగుల దగ్గర ఈ తెల్లని నాళాలను చూశాడు. లింఫ్ నాళాలపై పరిశోధన అలా ఊపందుకుంది. బోదకాలు జబ్బులో కొందరికి మూత్రం పాలలా తెల్లగా రావడానికి కారణం కూడా ఇదే. దెబ్బతిన్న నాళాల నుంచి ఈ తెల్లని లింఫ్ మూత్రంలోకి కారుతుంది.

కాలువలో కాపురం పెట్టే పురుగు

ఇక అసలు విషయానికి వద్దాం. మన దగ్గర బోదకాలుకు కారణం ఉకరేరియా బాంక్రాఫ్టి అనే పురుగు. సన్నని తెల్ల దారంలా ఉంటుంది. ఆడ పురుగు పొడవు 8 నుంచి 10 సెంటీమీటర్లు, మగది సుమారు 4 సెంటీమీటర్లు. ఇవి ఉండేది లింఫ్ నాళాల్లోనే, అందులోనూ ఎక్కువగా గజ్జలు, కాళ్లు, మగవాళ్లలో వృషణాల దగ్గరి నాళాల్లో. సగటున 6 నుంచి 8 ఏళ్లు బతుకుతాయి. ఆ కాలంలో లక్షల కొద్దీ పిల్లలను రక్తంలోకి వదులుతాయి. కంటికి కనిపించని ఆ పిల్ల పురుగులే మైక్రోఫైలేరియా.

ఇవి పగలు లోపలి అవయవాల్లో, ముఖ్యంగా ఊపిరితిత్తుల్లో దాక్కుంటాయి. రాత్రి పూట, ఎక్కువగా 10 నుంచి 2 గంటల మధ్య పైరక్తంలోకి వస్తాయి. వీటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రే! అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రి పూట తలుపు తట్టి వేలి నుంచి రక్తపు చుక్క తీసుకుంటారు. పగలు తీస్తే పురుగు ఉన్నా కనిపించకపోవచ్చు. ఇప్పుడు పగలు కూడా చేయగలిగే స్ట్రిప్ టెస్టులు వచ్చాయి.

మన దేశంలోనే, 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ అనే వైద్యుడు మనిషి రక్తంలో ఈ పిల్ల పురుగులను గుర్తించాడు. 1877లో చైనాలో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్, ఇవి దోమ ఒంట్లో పెరుగుతాయని కనిపెట్టాడు. మనిషి జబ్బుకూ దోమకూ లింకు ఉందని తేల్చిన తొలి పరిశోధనల్లో అదొకటి. మలేరియా దోమ సంగతి తేలడానికి ఇంకా 20 ఏళ్లు పట్టింది.

దోమ ఒంట్లో పురుగు ఎదగడానికి సుమారు రెండు వారాలు కావాలి. ఆ తర్వాత దోమ కుట్టినప్పుడు లార్వాలు చర్మం మీద పడి, కుట్టిన రంధ్రంలోంచి లోపలికి పోతాయి. అక్కడి నుంచి లింఫ్ నాళాల్లోకి చేరతాయి. దోమ కుట్టిన చోట కాకుండా కాలంతా వాచేది అందుకే. ఒకటి రెండు దోమకాట్లతో సాధారణంగా ఈ జబ్బు రాదు. నెలలు, ఏళ్ల తరబడి పదేపదే కుట్టాలి. చాలామందికి పురుగు చిన్నతనంలోనే చేరుతుంది. వాపు మాత్రం పెద్దయ్యాక బయటపడుతుంది. బోదకాలు ఉన్నవాళ్లను ముట్టుకుంటే, పక్కన కూర్చుంటే ఇది అంటుకోదు.

పురుగు చచ్చినా వాపు ఎందుకు పోదు?

చాలామంది పురుగులు నాళాన్ని బిరడాలా మూసేస్తాయనుకుంటారు. నిజానికి ఎక్కువగా జరిగేది వేరు. పురుగులు ఉన్న చోట నాళం వెడల్పుగా సాగిపోతుంది. నాళం సాగితే కవాటాలు ఒకదానికొకటి అందవు. షట్టర్ మూసుకోని కాలువలా, ఎక్కిన నీరు మళ్లీ కిందకే జారుతుంది. పాదంలో, పిక్కలో నీరు నిలుస్తుంది. మందుతో పురుగు పోయినా, బాగా సాగిపోయిన కాలువ చాలామందిలో తిరిగి మామూలు కాదు.

అసలు ప్రమాదం ఆ తర్వాత మొదలవుతుంది. నీరు నిలిచిన కాలికి రక్షణ కణాలు సరిగా అందవు. వేళ్ల మధ్య చిన్న పగులు, ఒరుపు, గీత చాలు. బ్యాక్టీరియా లోపలికి దూరుతుంది. ఉన్నట్టుండి చలిజ్వరం వస్తుంది, కాలు ఎర్రగా కాలిపోతున్నట్టు అవుతుంది, గజ్జల్లో బిళ్ల కడుతుంది. ఇలా వచ్చిన ప్రతిసారీ ఇంకొన్ని నాళాలు పాడై, చర్మం ఇంకాస్త దళసరి అవుతుంది. కాలు ఏనుగు కాలులా మారేది ఈ జ్వరాల వల్లే ఎక్కువ.

ఉభాల సీజన్ ఈ జిల్లాల్లో అందుకే కష్టకాలం. దమ్ము చేసిన మడిలో పొద్దంతా మోకాలి లోతు బురదలో నిలబడితే వేళ్ల మధ్య చర్మం నాని పగుళ్లు వస్తాయి. నాట్లకు వెళ్లే ఆడవాళ్లకు, తడిలో పనిచేసే మత్స్యకారులకు ఈ ఇబ్బంది ఎక్కువ. జ్వరం వచ్చిందంటే కూలి పోయినట్టే. అదే జ్వరాన్ని రాకుండా ఆపగలిగితే కాలు మరింత ముదరకుండా ఆగుతుంది.

వాపు ఉన్నవాళ్లు రోజూ చేయాల్సింది ఇదే

1. రోజుకోసారి, కుదిరితే రెండుసార్లు మంచినీళ్లు, సబ్బుతో కాలు కడగాలి. వేళ్ల సందులు, చర్మం మడతలు వదలొద్దు. గట్టిగా రుద్దొద్దు. పొలం నుంచి వచ్చిన వెంటనే కడగడం ఇంకా మంచిది.
2. శుభ్రమైన గుడ్డతో తడి లేకుండా అద్దాలి. బ్యాక్టీరియా, ఫంగస్ పెరిగేది తడి ఉన్న చోటే.
3. పగుళ్లు, వేళ్ల మధ్య ఒరుపులు ఉంటే డాక్టరు రాసిన ఆయింట్‌మెంట్ రాయాలి.
4. కూర్చున్నప్పుడు కాలు బల్ల మీద పెట్టుకోవాలి. పడుకున్నప్పుడు కాలి కింద దిండు పెట్టాలి.
5. మడమ ఎత్తడం, దించడం, పాదం గుండ్రంగా తిప్పడం చేయాలి. కండరాలు కదిలితేనే నీరు పైకి ఎక్కుతుంది.
6. వదులుగా, మెత్తగా ఉన్న చెప్పులు వేసుకోవాలి. ఒట్టి కాళ్లతో తిరగొద్దు.

జ్వరం వచ్చిన రోజుల్లో మాత్రం వ్యాయామం, మసాజ్ వద్దు. విశ్రాంతి తీసుకుని, తడిగుడ్డ వేసి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. యాంటీబయాటిక్స్ అవసరం కావచ్చు. పసర్లు పూయడం, వాతలు పెట్టడం, సూదితో గుచ్చి నీరు తీయడం చేస్తే కాలు మరింత పాడవుతుంది. కాలి శుభ్రతకు కావాల్సిన టబ్, మగ్గు, సబ్బు, తువ్వాలు, క్రీముతో కిట్లు ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నాయి. ఏఎన్‌ఎంను, ఆశా కార్యకర్తను అడగండి.

మగవాళ్లలో ఇదే పురుగు వల్ల వరిబీజం వస్తుంది. సిగ్గుపడి ఏళ్ల తరబడి దాచుకునేవాళ్లున్నారు. కానీ బోదకాలులా కాదు, దీనికి ఆపరేషన్‌తో పరిష్కారం ఉంది. రెండు కాళ్లకూ బోదకాలు తీవ్ర దశలో, అంటే గ్రేడ్-4లో ఉన్నవాళ్లకు ఏపీ ప్రభుత్వ పింఛను 2024లో నెలకు రూ.5,000 నుంచి రూ.10,000కు పెరిగింది.

బాగున్నవాళ్లకు మాత్రలు ఎందుకు?

‘నాకేం జబ్బు లేదు, నేనెందుకు మింగాలి?’ ఆరోగ్య సిబ్బందికి తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. జవాబు సింపుల్. పురుగు ఒంట్లో ఉన్నా ఏళ్ల తరబడి బయటకు ఏమీ కనిపించదు. కానీ రక్తంలో పిల్ల పురుగులు తిరుగుతూనే ఉంటాయి. దోమ వాటిని పక్కింటి పిల్లాడికి చేరుస్తుంది. ఆ పిల్లాడికి 30 ఏళ్లు వచ్చేసరికి కాలు వాస్తుంది.

డీఈసీ మాత్రలు రక్తంలోని ఈ పిల్ల పురుగులను చంపుతాయి. కొన్ని పెద్ద పురుగులపైనా పనిచేస్తాయి. మిగిలిన పెద్ద పురుగులు మళ్లీ పిల్లలను వదలొచ్చు. అందుకే ఏటా ఒక డోసు చొప్పున కొన్నేళ్లు వేయాలి. మాస్ డ్రగ్ కార్యక్రమం పెట్టిన ప్రాంతాల్లో 2 నుంచి 5 ఏళ్ల పిల్లలకు 100 మిల్లీగ్రాముల డీఈసీ ఒకటి, 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకు రెండు, 15 దాటినవాళ్లకు మూడు ఇస్తారు. దాంతో పాటు అల్బెండజోల్ ఒకటి. కొన్ని చోట్ల ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి మూడు మందులు ఇస్తున్నారు. రెండేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లు వేసుకోకూడదు. పరగడుపున కాకుండా, ఏదైనా తిన్నాక సిబ్బంది ముందే మింగాలి. సొంతంగా కొనుక్కుని వేసుకోవద్దు.

మాత్ర వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, వాంతులు వస్తాయి. ‘మందు పడలేదు’ అని భయపడిపోతారు. ఒంట్లో పిల్ల పురుగులు చస్తున్నప్పుడు సాధారణంగా ఇలా అవుతుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఎక్కువైతే సిబ్బందికి చెప్పాలి. ఊరి మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది నిజంగా మింగితేనే ఈ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. తీసుకుని చూరులో పెడితే లెక్కలోకి రాదు.

రెండో పని దోమ మీద. క్యూలెక్స్ మురికి నీటిలోనే ఎక్కువగా పెరుగుతుంది. నిలిచిన మురుగు కాలువలు, మూత సరిగా లేని సెప్టిక్ ట్యాంకులు దానికి అడ్డాలు. ట్యాంకు గాలి గొట్టానికి దోమతెర గుడ్డ కట్టడం, కాలువ పూడిక తీయించడం, దోమతెరలో పడుకోవడం.. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

ప్రతి వాపూ బోదకాలు కాదు

ఇది ముఖ్యంగా ఉద్దానం ప్రాంతం వాళ్లు గుర్తుపెట్టుకోవాలి. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువని తెలిసిందే. కిడ్నీ, గుండె, లివర్ సమస్యల్లో సాధారణంగా రెండు కాళ్లూ ఒకేలా వాస్తాయి, వేలితో నొక్కితే గుంట పడుతుంది, ముఖం కూడా ఉబ్బొచ్చు. బోదకాలు ఎక్కువగా ఒక కాలికి వస్తుంది, లేదా ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువగా ఉంటుంది. ముదిరేకొద్దీ నొక్కినా గుంట పడదు. ఒక్క కాలు ఉన్నట్టుండి వాచి పిక్క నొప్పి పెడితే అది సిరలో గడ్డ కావచ్చు. అప్పుడు అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని నోడ్స్ తీసేసినవాళ్లకు చెయ్యి వాచొచ్చు. అదీ లింఫ్ సమస్యే కానీ దోమతో సంబంధం లేదు. కాబట్టి వాపు చూసి పేరు పెట్టేయకుండా పరీక్ష చేయించుకోవాలి.

ఫోన్లో కనిపించే ‘లింఫ్ డ్రైనేజ్ మసాజ్’ వీడియోల సంగతేంటంటారా? లింఫ్ వాపు ఉన్నవాళ్లకు శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టులు చేసే చికిత్స ఒకటుంది. అది నిజమే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు దానితో ‘విషాలు పోతాయి’ అన్నది మాత్రం ప్రచారమే. రోజూ అరగంట నడిస్తే మీ లింఫ్‌కు అదే మసాజ్.

పొరుగు దేశాలు చేసి చూపించాయి

మన దేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. పెద్ద ఎత్తున ఏటా మాత్రల పంపిణీ 2004 నుంచి నడుస్తోంది. ఈలోగా మాల్దీవులు, శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ప్రజారోగ్య సమస్యగా బోదకాలును నిర్మూలించినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందాయి. వాళ్లూ మనలాంటి వాతావరణంలో, ఇవే దోమల మధ్య ఉన్నవాళ్లే. మన దేశం పెట్టుకున్న గడువు 2027.

ఆ గడువు అందుకున్నా, ఇప్పటికే కాలు వాచినవాళ్లకు జబ్బు మాయం కాదు. వాళ్లకు రోజూ సబ్బు, నీళ్లు, కాస్త ఆసరా కావాలి. ఇప్పుడు బడికి వెళ్తున్న పిల్లలకు మాత్రం ఆ అవస్థ రాకుండా చూడొచ్చు. ఈసారి ఆశా కార్యకర్త మాత్రలతో గుమ్మం దగ్గరకు వస్తే, అక్కడే, ఆమె ముందే మింగండి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. వాపు, బిళ్లలు, జ్వరం లాంటి సమస్యలుంటే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ, డాక్టరును గానీ సంప్రదించండి.